పరశువు, పాదము: పురాణగాథ సమాజమునకు చేయు పని

కేరళ దేశమున పుట్టిన బిడ్డ పెద్దల ఒడిలో రెండు కథలు వినును. మొదటిది పరశురాముని కథ. ఇరువదియొక్క మారులు క్షత్రియ సంహారము కావించిన భార్గవుడు తాను గెలిచిన భూమినంతటిని కశ్యపునకు దానమిచ్చినాడు. దానమిచ్చిన నేలపై తాను నిలువరాదు గనుక పడమటి కడలి ఒడ్డునకు వచ్చి తన గొడ్డలిని విసరినాడు. అది పడిన మేర సముద్రము వెనుకకు తగ్గినది. అట్లు బయల్పడిన నేలయే గోకర్ణము మొదలు కన్యాకుమారి వరకు వ్యాపించిన కేరళము. రెండవది మహాబలి కథ. ఆ నేలనే ఒకప్పుడు అసురరాజైన బలి పాలించినాడు. అతని కాలమున మోసము లేదు, ఆకలి లేదు, మనుష్యుల నడుమ ఎక్కువ తక్కువలు లేవు. దేవతలకు అది కంటగింపైనది. విష్ణువు వామనుడై వచ్చి మూడడుగుల నేలను యాచించినాడు. రెండడుగులతో లోకములను కొలిచి, మూడవ అడుగును రాజు తలపై మోపి అతనిని పాతాళమునకు పంపినాడు. ఏడాదికొకమారు తన ప్రజలను చూచుటకు బలి తిరిగివచ్చును. ఆ రాకయే ఓణము పండుగ.

ఈ రెండు కథలను ప్రక్కప్రక్కన నిలిపి చూచినచో ఒక చిక్కు వెంటనే కనిపించును. దశావతారముల వరుసలో వామనుడు ఐదవవాడు, పరశురాముడు ఆరవవాడు. కేరళ భూమి పరశురాముని గొడ్డలి దెబ్బకు కడలిలోనుండి లేచినదే అయినచో, అంతకు ముందే బలి అచ్చట రాజ్యము చేయుట ఎట్లు? అంతటితో ఆగదు. భాగవతము బలి యజ్ఞవాటికను నర్మదానది ఉత్తరతీరమున, భృగుకచ్ఛమున నిలిపినది. అది కేరళమునకు ఎంతో దూరము. అయినను ఒకే ఊరివారు, పెక్కుచోట్ల ఒకే ఇంటివారు, తరతరములుగా ఈ రెండు కథలను చెప్పుకొనుచు వచ్చినారు. అవతారముల వరుస తెలియక కాదు. ఆ పేర్లు వరుసగా వల్లించుట పిల్లలకును వచ్చును. రెండు కథలు ఒకదానితో ఒకటి పొసగకున్నను రెండింటిని వదలుకొనలేకపోవుటకు ఏదో బలమైన కారణము ఉండవలెను. ఆ కారణమును వెదకినచో పురాణగాథ మానవసమాజమున ఏ పని చేయుచున్నదో తెలియవచ్చును.

పురాణగాథను గూర్చి ఆలోచించినవారు చాలకాలము దానినొక పొరపాటుగానే చూచినారు. క్రీస్తు పూర్వము 300 ప్రాంతమున గ్రీకు రచయిత యూహెమెరస్, దేవతలందరు ఒకప్పటి రాజులేయనియు, కాలక్రమమున ప్రజలు వారిని దేవతలుగా చేసికొన్నారనియు చెప్పినాడు. 1856లో మాక్స్ ముల్లర్ తులనాత్మక పురాణశాస్త్రముపై వ్రాసిన వ్యాసమున మరియొక మార్గము త్రొక్కినాడు. ప్రాచీనులు సూర్యోదయాది ప్రకృతి దృశ్యములకు పెట్టిన పేర్ల అసలు అర్థము మరుగుపడగా ఆ పేర్ల చుట్టు కథలు అల్లుకొన్నవని అతని వాదము. 1871లో ఎడ్వర్డ్ టైలర్, ఆదిమ మానవుడు ప్రపంచమును వివరించుకొనుటకు చేసిన తొలి ప్రయత్నమే ఈ గాథలన్నాడు. మువ్వురి మార్గములు వేరైనను మూలమున ఒక పోలిక కలదు. రాజును దేవుడనుకొనుట, మాటను వ్యక్తి యనుకొనుట, ఊహను శాస్త్రమనుకొనుట: ఏ విధముగా చూచినను గాథ ఒక భ్రమయే. భ్రమ తొలగినపుడు గాథయు తొలగవలెను. కాని అది తొలగలేదు. కారణమేమనగా, గాథ చేయు పనిని ఈ పండితులు పుస్తకములలో వెదకినారేగాని దానిని చెప్పుకొను ఊళ్ళలో వెదకలేదు.

ఆ పనిని ఊరిలో వెదకిన వారిలో బ్రొనిస్లా మలినోవ్‌స్కీ ముఖ్యుడు. 1915 నుండి 1918 వరకు రెండు విడతలుగా అతడు న్యూగినీకి తూర్పుననున్న ట్రోబ్రియండ్ దీవులలో నివసించి, అచ్చటి భాష నేర్చి, ప్రజల నడుమ మెలగినాడు. 1926లో ప్రకటించిన చిన్న పుస్తకమున అతడు అచ్చటి గాథలను వివరించినాడు. ఆ దీవులలో ప్రతి వంశమువారును తమ పూర్వులు ఫలానా చోట నేలలోని రంధ్రము గుండ పైకి వచ్చినారని చెప్పుదురు. ఆ చోటు చుట్టునున్న నేలయు, అచ్చటి చేపల రేవును తమవేయని వారి హక్కు. నాలుగు ప్రధాన కులములకు చెందిన జంతువులు ఒకే రంధ్రము నుండి వరుసగా వచ్చిన కథ యొకటి కలదు. వాటిలో కుక్క పందికంటె ముందు వచ్చినది. కాని దారిలో హీనమైనదిగా ఎంచబడు పండు నొకదానిని తిన్నది. వెనుక వచ్చిన పంది దానిని చూచి, నీవు హీనుడవైతివి, ఇక పెద్దరికము నాదియని పలికినది. నాటి నుండి పంది కులములోని ఒక శాఖవారే ఆ దీవులలో పెద్ద నాయకులు. వినువారికి ఈ కథ వినోదమువలె తోచవచ్చును. ఆ దీవులవారికి అది ఎవరు ఎవరి ముందు తల వంచవలెనో చెప్పు శాసనము. మలినోవ్‌స్కీ దీనిని సమాజపు హక్కు పత్రము అన్నాడు. వ్రాతలేని చోట వాదము వచ్చినపుడు తీసి చూపు పత్రము గాథయే.

ఈ దృష్టితో కేరళమునకు తిరిగివచ్చినచో పరశురాముని కథ కొత్త వెలుగులో కనిపించును. ఆ కథ భూమి ఎట్లు పుట్టినదో చెప్పి ఊరకుండదు. ఎవరికి ఇయ్యబడినదో కూడ చెప్పును. కేరళోల్పత్తి అను మలయాళ గద్యగ్రంథము ఈ కథకు ముఖ్యమైన ఆధారము. అది ఇప్పుడు దొరకు రూపమున పదునేడు, పదునెనిమిదవ శతాబ్దులకు చెందినదని చరిత్రకారుల అభిప్రాయము. దాని ప్రకారము పరశురాముడు తాను సంపాదించిన నేలను అరువదినాలుగు గ్రామములుగా విభజించి బ్రాహ్మణులకు దానమిచ్చినాడు. వాటిలో ముప్పదిరెండు తుళునాడులోనివి, ముప్పదిరెండు కేరళములోనివి. మొదట వచ్చినవారు పాముల భయమున నిలువలేక వెడలిపోగా, అతడు మరల జనులను తెచ్చి, సర్పములకు ఇంటి పెరటిలో కొంత చోటు విడిచి పూజించునట్లు కట్టడి చేసినాడట. కేరళపు పాత ఇండ్ల ప్రక్కనున్న సర్పక్కావులకు అదియే మూలమని చెప్పుదురు. ఈ విధముగా నేల, నేలపై హక్కు, ఆచారము అన్నియు ఒకే చేతి నుండి ఒకే దినమున పుట్టినట్లు గ్రంథము చెప్పినది.

అయితే ఈ కథ కేరళముననే పుట్టినదా? లేదు. మహాభారతపు శాంతిపర్వమున సముద్రుడు పరశురామునకు విడిచిన చోటు శూర్పారకము. అది నేటి ముంబయికి ఉత్తరమున ఉన్న సోపారా. రఘువంశపు నాల్గవ సర్గమున కాళిదాసు రఘుని సైన్యము పడమటి తీరమున నడచుటను వర్ణించుచు, పరశురాముని అస్త్రముచే సముద్రము నెట్టివేయబడిన ముచ్చటను స్మరించినాడు. కొంకణమున కూడ ఇదే కథ కలదు. అచ్చటి బ్రాహ్మణ శాఖల పుట్టుకను స్కాందపురాణములోనిదిగా చెప్పబడు సహ్యాద్రి ఖండము దీనితోనే ముడివేసినది. పడమటి తీరము వెంట బ్రాహ్మణ గ్రామములు ఎట్లెట్లు దక్షిణమునకు వ్యాపించినవో, అట్లట్లే గొడ్డలి పడిన చోటును దక్షిణమునకు జరుగుచు వచ్చినది. కథ ప్రయాణించిన దారియే ప్రజలు ప్రయాణించిన దారిని తెలుపుచున్నది. దీనిని భూగర్భశాస్త్రమునకు చెందిన జ్ఞాపకముగా భావించువారును కలరు. కేరళ తీరమున కాయల్ అను ఉప్పునీటి సరస్సులు, ఇసుక తిన్నెలు, నదులు తెచ్చి పోసిన ఒండ్రు నేలలు విస్తారముగా ఉన్నవి. నీరు నేలయగుట అచ్చటివారు చూచినదే. ఆ అనుభవము కథకు రంగును, నమ్మకమును ఇచ్చియుండవచ్చును. కాని ఇసుక మేట వేసిన సముద్రము ఆ నేల ఎవరిదో చెప్పలేదు. ఆ మాట చెప్పినది కథ.

శాసనములు చెప్పు చరిత్ర వేరు. తొమ్మిదవ శతాబ్ది మొదలు పండ్రెండవ శతాబ్ది ఆరంభము వరకు మహోదయపురము నుండి పాలించిన చేర పెరుమాళ్ళ కాలమున కేరళములో బ్రాహ్మణ గ్రామములు బలపడినవి. ప్రతి గ్రామమునకు నడుమ ఒక ఆలయము, ఆలయమునకు భూములు, ఆ భూములను పాలించుటకు ఊరాళ్ళ సభ. భూములు కొంత రాజులును, కొంత నాయకులును, కొంత సామాన్యులును వేరు వేరు కాలములలో ఇచ్చినవి. ఆలయపు ఆస్తిని ఊరాళ్ళు స్వంతము చేసికొనకుండ, సాగుచేయువారిని బాధింపకుండ మూళిక్కళమున చేయబడిన కట్టడి పేరు ఆ కాలపు శాసనములలో మరల మరల వచ్చును. ఒక నియమమును పదే పదే చెప్పవలసి వచ్చినదన్నచో దానిని మీరువారు లేకపోలేదని అర్థము. అనగా శాసనములు చూపునది బేరములు, వివాదములు, ఒడంబడికలు, నెమ్మదిగా పెరిగిన అధికారము. మూడు వందల ఏండ్లలో చేతులు మారిన వందలాది దానములను గాథ ఒక్క గొడ్డలి విసురుగా కుదించినది. అట్లు కుదించుటలోనే దాని బలమున్నది. మనుష్యుడిచ్చినదానిని మనుష్యుడు తిరిగి అడుగవచ్చును. అవతారపురుషుడు సముద్రమునుండి తీసి ఇచ్చినదానిని అడుగువాడెవడు?

కేరళోల్పత్తి ఇంతటితో తృప్తి చెందలేదు. బ్రాహ్మణులు తమలో తాము పాలించుకొనలేక వెలుపలి నుండి పెరుమాళ్ళను తెచ్చుకొన్నారనియు, చివరి పెరుమాళ్ళు తన రాజ్యమును సామంతులకు పంచి మక్కాకు వెళ్ళినాడనియు అది చెప్పును. పంపకము ముగిసిన తరువాత వచ్చిన కోళిక్కోడు పాలకునకు కొద్దిపాటి నేలయు, ఒక ఖడ్గమును మాత్రమే మిగిలినవి. ఆ ఖడ్గముతో గెలుచుకొనుమని పెరుమాళ్ళు అనుజ్ఞ ఇచ్చినాడు. తరువాతి కాలమున సామూతిరి చేసిన దండయాత్రలన్నింటికి ఈ మాట సమర్థనయైనది. పెరుమాళ్ళు మక్కాకు వెళ్ళిన కథ, రేవులలో స్థిరపడిన ముస్లిములకు ఆ దేశపు ఆదికాలముతో బంధుత్వము కల్పించినది. బ్రాహ్మణుడు, రాజు, వర్తకుడు, ముగ్గురును ఒకే కథలో తమ తమ పీటలపై కూర్చుండినారు. అయితే ఆ పీటల వరుసలో కొందరికి చోటే లేదు. బురదలో దిగి నాట్లు వేసిన పులయులు, చెఱుములు భూమితోపాటు అమ్మబడుచు, కొనబడుచు ఉండిరి. వారి దాస్యమునకు చట్టరీత్యా గుర్తింపు తొలగినది మలబారున 1843 చట్టముచేత, తిరువాంకూరున 1855 రాజశాసనముచేత. ఆ శతాబ్దములలో గొడ్డలి కథ వారిని గూర్చి మౌనముగానే ఉన్నది.

గాథను హక్కు పత్రముగా చూచుట ఉపమానము మాత్రమే కాదని మలబారు చరిత్ర నిరూపించినది. 1792లో టిప్పు సుల్తాను శ్రీరంగపట్టణపు సంధిచే మలబారును ఈస్టిండియా కంపెనీకి వదలుకొన్నాడు. ఆ దేశమును పరిశీలించుటకు వచ్చిన కమిషనర్లలో జొనాథన్ డంకన్ ఒకడు. అతడు మలబారు తీరమును గూర్చి వ్రాసిన చారిత్రక వ్యాసము కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ పత్రికయైన ఏషియాటిక్ రిసెర్చెస్ అయిదవ సంపుటమున ప్రకటింపబడినది. అది కేరళోల్పత్తిలోని పరశురాముని కథతోనే మొదలగును. పరిపాలకుడు దేశచరిత్రను అడిగినపుడు చేతికి వచ్చినది ఆ గ్రంథమే. ఇంగ్లీషువారు తమ దేశపు భూస్వామిని మనస్సునందుంచుకొని, జన్మియే భూమికి సంపూర్ణమైన యజమానియని నిర్ణయించినారు. ఆ నిర్ణయమునకు కారణములు పెక్కు: శిస్తు వసూలు సౌకర్యము, టిప్పు కాలమున పారిపోయి తిరిగివచ్చిన జన్ముల మద్దతు, తమ న్యాయస్థానముల అలవాట్లు. కాని అనాదిగా భూమి జన్ములదేయన్న నమ్మకము ఆ నిర్ణయమునకు తోడు నిలిచినది. అది కథగా ఉన్నంతకాలము ఆచారముచే మెత్తబడుచుండెడిది. పంటలో జన్మికి, కాణక్కారునకు, సాగుచేయువానికి తలకొక పాలు ఉండెడిది. కోర్టు తీర్పుగా మారిన తరువాత ఆ మెత్తదనము పోయినది. కౌలుదారుని భూమినుండి తొలగించుట జన్మికి చట్టబద్ధమైన హక్కయినది.

దాని ఫలితము పందొమ్మిదవ శతాబ్దమున మలబారు అనుభవించినది. 1836 నుండి దక్షిణ మలబారున మాప్పిళ్ళ రైతుల తిరుగుబాటులు మాటిమాటికి చెలరేగినవి. వాటిలో మతావేశమును, భూమిపోయిన దుఃఖమును విడదీయుట కష్టము. 1881లో భూమి హక్కులను విచారించుటకు ప్రత్యేక కమిషనరుగా నియమింపబడిన విలియం లోగన్, ఆ అలజడులకు మూలము కౌలు విధానమున కలదని తేల్చినాడు. జన్మి, కాణక్కారు, సాగుచేయువాడు మువ్వురును పంటలో భాగస్వాములేగాని ఒక్కడే యజమాని కాడని, ఇంగ్లీషు న్యాయస్థానములు ఆ భాగస్వామ్యమును చెరిపివేసినవని అతడు వాదించినాడు. 1887లో ప్రకటింపబడిన మలబార్ మాన్యువల్‌లో ఆ వాదమును విస్తరించినాడు. 1843లోనే హెర్మన్ గుండర్ట్ మంగుళూరున కేరళోల్పత్తిని అచ్చువేసియుండుటచే, ఆ కథను ఇతర ఆధారములతో పోల్చి పరీక్షించుట పండితులకు సాధ్యమైనది. తరువాత చట్టంపి స్వామి (1853–1924) తన ప్రాచీన మలయాళమున పరశురామ దానకథను నేరుగా ఖండించి, ఆ నేల అంతకు ముందునుండి అచ్చట నివసించినవారిదేయని వాదించినాడు. పత్రముగా చూపబడిన కథను పత్రమువలెనే ప్రశ్నించుట అట్లు ప్రారంభమైనది.

రెండవ కథ నడచిన దారి ఇంతకంటె పొడవైనది. ఋగ్వేదమున విష్ణువు మూడడుగులతో లోకములను ఆక్రమించుట కలదు. అచ్చట బలి లేడు. శతపథ బ్రాహ్మణమున అసురులు భూమిని తమలో పంచుకొనుచుండగా దేవతలు వామనుడైన విష్ణువును ముందిడుకొని పోయి తమ పాలు అడిగినారు. అతడు పడుకొన్నంత మేర ఇత్తుమని అసురులు అన్నారు. కథ ఆదినుండియు భూమి పంపకమును గూర్చినదేయని దీనివలన తెలియును. క్రీస్తు పూర్వము రెండవ శతాబ్దికి చెందిన పతంజలి మహాభాష్యమున కంసవధతోపాటు బలిబంధనమును ప్రదర్శించువారి ప్రసక్తి కలదు. బాదామి మూడవ గుహలో ఆకాశమునకు కాలెత్తిన త్రివిక్రముని మహామూర్తి నిలిచియున్నది. ఆ గుహలోని చాళుక్య మంగళేశుని శాసనము క్రీ.శ. 578 నాటిది. లోకములను కొలిచిన పాదము విజయము పొందిన రాజులకు నచ్చిన చిహ్నమగుటలో వింతలేదు.

అయితే కవులు చూచినది పాదమును మాత్రమే కాదు. దాని క్రిందనున్న తలను కూడ. భాగవతమున బలి ఓడినవాడైనను చిన్నబోడు. గురువైన శుక్రుడు వారించినను ఆడిన మాట తప్పనివాడు. అతనికి సుతలము నివాసమైనది, విష్ణువే అతని వాకిట కావలి నిలిచినాడు. పదునైదవ శతాబ్దమున బమ్మెర పోతన ఈ ఘట్టమును తెనుగు చేసినపుడు దాతయొక్క ఔన్నత్యమునకే పట్టము కట్టినాడు. వామన చరిత్ర పద్యములు చదువురాని తెలుగువారి నోళ్ళలోను నిలిచినవి. అచ్చట బలి త్యాగమునకు ఉదాహరణము. కార్తిక శుద్ధ పాడ్యమిని బలిపాడ్యమిగా కన్నడ, మహారాష్ట్ర దేశములలో జరుపుకొనుట కలదు. మహారాష్ట్రమున కర్షక స్త్రీలు ఆ దినములలో పీడలు తొలగి బలి రాజ్యము రావలెనని కోరుకొందురు. కేరళమున ఆ కోరికయే పది దినముల పండుగయైనది. అదే అసురుడు ఒకచోట త్యాగి, ఒకచోట రైతులకు రాజు, ఒకచోట పోగొట్టుకొన్న సమత్వమునకు గుర్తు. కథ మారలేదు, దానిని అవసరపడినవారు మారినారు.

ఓణము వచ్చు కాలమును గమనింపవలెను. దానికి ముందు నెల కర్కటకము. ఎడతెగని వాన, పొలమున పని లేదు, గాదెలో గింజ లేదు. పేదయిండ్లలో అది ఆకలి నెలగా పేరు పడినది. తరువాత చింగమాసమున మొదటి పంట ఇంటికి వచ్చును. అత్తము మొదలు తిరువోణము వరకు ముంగిట పూలముగ్గు పెరుగుచుండును. ఆకలి ముగిసి అన్నము దొరకిన ఆ కొలది దినములలో, ఒకప్పుడు అందరికిని ఎల్లకాలము అన్నము దొరకెడిదని చెప్పుకొనుట సహజము. అయినను ఆ పండుగలోనే మరియొక వింత కలదు. ముంగిట మట్టితో మలచి నిలుపు తృక్కాకరప్పన్ మూర్తి వామనునిది. తృక్కాకరలోని ఆలయమున ప్రధానదైవము వామనుడే. మదురైక్కాంచి అను ప్రాచీన తమిళ కావ్యము మదురలో ఓణమును మాయోనుని, అనగా విష్ణువుని, జన్మదినముగానే పేర్కొన్నది. రాజును త్రొక్కిన దేవునికి పూజ, త్రొక్కబడిన రాజునకు స్వాగతము, రెండును ఒకే ముంగిట జరుగును. పంట పండించిన కౌలుదారు ఆ దినముననే అరటిగెలలను, కూరగాయలను కానుకగా మోసికొని జన్మియింటికి పోవలెను. జన్మి అతనికి కొత్త బట్ట ఇయ్యవలెను. సమత్వమును స్మరించు దినమున అసమత్వము తన లాంఛనములన్నింటితో నడచినది.

దీనిని చూచి కొందరు పండుగను ఏడాది అసంతృప్తిని ఒక దినమున వెళ్ళబోసికొను ఏర్పాటుగా భావింతురు. ఏడాదికొక దినము బలి వచ్చును గనుక మిగిలిన దినములలో అతడు రాడని ఒప్పుకొన్నట్లే. ఆ మాటలో నిజము లేకపోలేదు. క్లాడ్ లెవీ-స్ట్రాస్ 1955లో పురాణగాథల నిర్మాణముపై వ్రాసిన వ్యాసమున, సమాజము జీవితమున పరిష్కరింపలేని వైరుధ్యమును ఆలోచనలో దాటుటకు గాథ సాధనమని వాదించినాడు. వామనుని పూజించుచు బలిని ఆహ్వానించు ముంగిలి అట్టి వైరుధ్యమునకు చక్కని నిదర్శనము. కాని వైరుధ్యమును మోయుట దానిని మరచుట కాదు. ఏటేట చెప్పబడుటచే ఆ కథ ఒక కొలబద్దను చెడిపోకుండ కాపాడినది. పులయుడు పొలముతోపాటు అమ్ముడుపోయిన కాలమున కూడ, మనుష్యులందరు సమానముగా బ్రదికిన కాలమొకటి ఉండెననియు, ఇప్పటి స్థితి ఆ తరువాత వచ్చినదనియు ఆ కథ చెప్పుచునే ఉన్నది. గొడ్డలి కథ, లోకము ఆదినుండియు ఇట్లేయున్నదని చెప్పును. పాదము కథ, ఇట్లు ఉండలేదు, ఇట్లు చేయబడినదని చెప్పును. చేయబడినదానిని మార్చవచ్చునన్న ఊహ అచ్చటనే దాగియున్నది.

ఆ ఊహను బహిరంగముగా పలికినవాడు జ్యోతిరావు ఫూలే. 1873లో మరాఠీలో వెలువడిన గులాంగిరీ అను గ్రంథమును అతడు బానిసత్వమును తొలగించిన అమెరికా సంయుక్తరాష్ట్రముల సజ్జనులకు అంకితమిచ్చినాడు. అందులో అవతారకథలను తలక్రిందులు చేసి చదివినాడు. అతని దృష్టిలో బలి రైతులను పాలించిన న్యాయమూర్తి. వామనుడు, పరశురాముడు ఆ ప్రజలను జయించిన పరాయి వర్గపు నాయకులు. చరిత్రగా పరీక్షించినచో ఫూలే చెప్పిన దండయాత్రలకు, వంశములకు ఆధారములు చాలవు. అతడు సాధించినది మరియొకటి. ఆ కథలు ఒక వర్గపు హక్కు పత్రములని గుర్తించి, అదే కథతో రెండవ పక్షము వాదమును వ్రాసినాడు. అదే సంవత్సరమున స్థాపించిన సత్యశోధక సమాజము ద్వారా ఆ వాదము పల్లెలకు చేరినది. బ్రదుకులో ఓడినవారు గాథలో తమ రాజును కనుగొన్నారు.

స్వాతంత్ర్యానంతరము కేరళమున రెండు కథల స్థానములును మారినవి. 1956 నవంబరు 1న తిరువాంకూరు-కొచ్చి, మలబారు ప్రాంతములు కలిసి కేరళ రాష్ట్రమైనవి. ఓణము కులమతముల కతీతముగా రాష్ట్రమంతటి పండుగయైనది. రాజ్యము కోల్పోయిన అసురుడు ప్రజాప్రభుత్వమునకు తగిన చిహ్నముగా నిలిచినాడు. 1963లో రూపొంది, 1969లో సవరింపబడిన భూసంస్కరణల చట్టము 1970 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చి జన్మి హక్కును రద్దుచేసినది. పరశురాముడు ఇచ్చినదని చెప్పబడిన దానము శాసనసభ చేతిలో ముగిసినది. కౌలుదారులు యజమానులైనారు. కాని కూలికి పనిచేసిన దళితులలో పెక్కుమందికి దక్కినది గుడిసె నిలిచిన కొద్దిపాటి చోటు మాత్రమే. వారు సాగుచేసిన పొలము మరియొకరిదైనది. తోటల భూములు చట్టపు పరిమితికి వెలుపలనే ఉండిపోయినవి. ఆదివాసులు పోగొట్టుకొన్న నేలను గూర్చిన పోరాటము ఆ తరువాతను ఆగలేదు. కనుక బలి రాజ్యము వచ్చినదని పండుగనాడు చెప్పినంత మాత్రమున సరిపోదు. ఎవరి ముంగిటికి వచ్చినది, ఎవరి ముంగిలికి ఇంకను రాలేదు అని కొలుచుటకే ఆ కథ పనికివచ్చును.

ఇప్పుడు మొదటి చిక్కునకు సమాధానము దొరకును. వామనుడు ముందా, పరశురాముడు ముందాయను ప్రశ్న ఆ కథలు చెప్పుకొన్నవారిని బాధింపలేదు. ఏలననగా వారు వాటిని కాలక్రమమునకై చెప్పుకొనలేదు. ఒక కథ చేతిలోనున్నదానిని నిలుపుకొనుటకు, రెండవది చేజారినదానిని మరువకుండుటకు అవసరమైనవి. ప్రతి సమాజమునకును ఈ రెండు విధముల గాథలును ఉండును. ట్రోబ్రియండు దీవుల కుక్కయు పందియు మొదటి విధము. పీడలు తొలగవలెనని కోరిన మరాఠీ కర్షక స్త్రీ మాట రెండవ విధము. మొదటి విధము గాథలను గ్రంథములు, శాసనములు, కోర్టులు భద్రపరచినవి. రెండవ విధము గాథలను వంటయింటిలో, పొలము గట్టుపై, పండుగ పాటలో నోటిమాటయే భద్రపరచినది.

అందుచేత గాథను అక్షరాలా చరిత్రగా నమ్మువాడును, అబద్ధమని త్రోసివేయువాడును ఒకే నష్టమునకు కారకులగుదురు. నమ్మువాని చేతిలో కథ మరల హక్కు పత్రమై, ఎవరినో వారి నేలనుండి వెడలగొట్టుటకు సాక్ష్యమగును. మలబారు న్యాయస్థానములు దీనిని చూచినవి. త్రోసివేయువాని చేతిలో, పత్రములు లేనివారు తమ పక్షమున చెప్పుకొన్న ఒకే సాక్ష్యము మాసిపోవును. పులయుడు దానపత్రము వ్రాయలేదు, శిలాశాసనము చెక్కించలేదు. అతని పూర్వులకును ఒక కాలమున మానము ఉండెనని అతడు చెప్పగలిగినది కథగానే చెప్పినాడు. ఆ కాలము నిజముగా ఉండెనాయని అడుగుటకు చరిత్రకారునకు అధికారము కలదు. లేదని తేల్చినను తప్పు లేదు. కాని ఆ కోరిక నిజమైనది. అది ఎవరిది, ఎన్ని తరములు నిలిచినది, ఏ అన్యాయమునకు ఎదురుగా నిలిచినదియను ప్రశ్నలకు సమాధానము చెప్పనిచో ఆ దేశచరిత్ర సగమే వ్రాయబడినట్లు. గొడ్డలి పడిన చోటును వెదకువాడు సముద్రతీరమునకు పోవచ్చును. పాదము మోపిన చోటును వెదకువాడు మనుష్యుల తలలవైపు చూడవలెను.